గిటార్ కడుపులో సత్రపట్టి గుడ్డ

పోయిన ఆడి మాసం, అంటే ఆషాఢం నుంచి మా ఇంట్లో ఒక గిటార్ కొంటున్నారు. కొన్నారా అంటే కొనలేదు, మానుకున్నారా అంటే అదీ లేదు, కొంటూనే ఉన్నారు. కొనేది నా కూతురి కూతురు. ఇక్కడే రాజపాళయంలో ఒక మిల్లులో గుడ్డల మీద వేసే డిజైన్లు గీసే ఉద్యోగం చేసుకుంటూ, సాయంకాలాలు స్నేహితులతో కలిసి పెళ్లి రిసెప్షన్లలో, చర్చి పండుగల్లో, కాలేజీ వేడుకల్లో పాటలు వాయిస్తుంది. సొంత సంపాదన ఉన్న మనిషి, ఎవరినీ అడగక్కర్లేదు. అయినా నేను వంటింటి గడప దగ్గర కూర్చుని మునగాకు దూసుకుంటూ ఉంటే చాలు, ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టి, “అవ్వా, దీన్ని చూడు, నిన్న చూసినదాని కంటే బాగుంది కదా” అంటుంది. నాకు నిన్న చూసినదీ గుర్తుండదు, ఇవాళ్టిదీ అలాగే కనిపిస్తుంది, బాగుందంటే “ఎట్లా చెప్తున్నావు” అని అడుగుతుంది, బాగాలేదంటే మొహం మాడ్చుకుంటుంది. నా తల ప్రాణం తోకకొస్తోంది.

మామూలు గిటారయితే ఇంత తంటా ఉండేది కాదు. ఆమెకు కావలసింది ఆర్చ్‌టాప్ అనే రకం. వయొలిన్‌కు ఉన్నట్టు పైచెక్క ఉబ్బెత్తుగా ఉండి, అటొకటి ఇటొకటి వంకర రంధ్రాలు ఉండి, లోపలంతా డొల్లగా ఉండే గిటార్. దాన్ని చేసింది జాజ్ అనే పాశ్చాత్య సంగీతం కోసం. సన్నని దీపాల వెలుతురులో, జనం భోంచేస్తూ ఉంటే, పక్కన ఎవరికీ అడ్డం రాకుండా మెత్తగా వాయించుకునే సంగీతం అది. మా పిల్ల జాజ్ వాయించదు. సినిమా పాటలు వాయిస్తుంది, భజనలు వాయిస్తుంది, తప్పెట మోతకు జతగా జనం గంతులేసే పాటలు వాయిస్తుంది, క్రిస్మస్ పాటలు వాయిస్తుంది. అన్నిటికీ ఆ డొల్ల గిటారే కావాలంటుంది. అందుకోసం లోతు ఎక్కువ ఉన్నదా, పలచనిదా, నడుమ చెక్క దిమ్మ ఉన్నదా, లేనిదా, తీగలు నున్నటివా, గరుకువా, ఇలా రోజుకొక చర్చ. గిటార్ ఎప్పుడూ పట్టుకోని మా అల్లుడు కూడా అన్నం తింటూ తీగల నాదాన్ని స్పీకరుకు పంపే పికప్‌ల గురించి మాట్లాడతాడు. మా అమ్మాయి మాత్రం ఏ రంగుదైనా సరే ఈ నెలలోపు కొని మాట్లాడటం ఆపండని దండం పెడుతుంది.

ఇంతమందిలో నన్నే ఎందుకు అడుగుతుందంటే, మా ముందరి గదిలో గోడకు అలాంటిదే ఒకటి వేలాడుతోంది. అది నాది. దాన్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చిన్నప్పుడు ఒకసారి మా మనుమరాలు దాని తీగ మీటి, “అవ్వా, నీ గిటార్‌కు జలుబు చేసింది” అని నవ్వి వదిలేసింది. జలుబు కాదు, దాని కడుపులో గుడ్డ ఉంది. ఎందుకుందో చెప్పాలంటే మా మేనమామ కచేరి పార్టీ దగ్గర మొదలుపెట్టాలి.

మీలో నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో పెళ్లంటే సాయంత్రం రిసెప్షన్‌లో పాటకచేరి లేకపోతే మగపెళ్లివారు ముఖం ముడుచుకునేవారు. మా చుట్టుపక్కల మంసాపురం నుంచి తళవాయిపురం దాకా ఆ కచేరీలన్నిటికీ మా మామ పార్టీయే పోయేది. మా అమ్మకు ఆయన స్వయానా తమ్ముడు. పగలు నూలు బేళ్ల వ్యాపారం, సాయంత్రమైతే తెల్ల ప్యాంటు తొడిగి ఆర్గన్ ముందు నిలబడేవాడు. నేను చిన్నప్పటి నుంచీ ఆ పార్టీలో కోరస్ పాడుతూ, వాళ్లూ వీళ్లూ పక్కన పెట్టిన గిటార్ తీసి మీటుతూ, చూసి చూసి నేర్చుకున్నాను. గిటార్ వాయించే ఆయన సినిమా పనికని మద్రాసు పోయినప్పుడు, వేరే మనిషి దొరికేదాకా అని మామ నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆడపిల్ల గిటార్ పట్టుకుని వేదిక మీద కూర్చోవడం మా ఊరికి కొత్త. జనం పాట వినడం మాని నన్ను చూసేవాళ్లు, అదీ ఒక ఆకర్షణే అని మామ సరిపెట్టుకున్నాడు. మా నాన్నకు బజారులో ఇనుప సామాన్ల అంగడి. మామ పార్టీ కాబట్టి, మామ కళ్లముందు కాబట్టి సరేనన్నాడు గాని, వేరే ఎవరి పార్టీ అయినా ఒప్పుకునేవాడు కాదు. అంటే ఆ కుర్చీ పోతే నాకు ఇంకో కుర్చీ లేదు.

గిటార్ కొనడానికి నాన్నా మామా నేనూ బస్సెక్కి మదురై పోయాం. హార్మోనియంలు బాగుచేసే ఒక అంగడిలో రెండు పాత గిటార్లు ఉన్నాయి. ఒకటి గట్టి చెక్కది, ఎర్రటి రంగు, పలక మందం. రెండోది ఈ ఆర్చ్‌టాప్, కొండమీద ఏదో క్లబ్బులో వాయించిన ఆయన వదిలేసి పోయింది. ఎర్రది తీసుకో అని మామ, ఎర్రదే అని అంగడాయన. డొల్లది భోజనాల దగ్గర వాయించే ఇంగ్లీషు సంగీతానికి పనికొస్తుంది గాని, మైకులూ లౌడ్‌స్పీకర్లూ ఉన్నచోట ఊళ పెడుతుందని ఆ అంగడాయన అప్పుడే చెప్పాడు, అబద్ధం చెప్పలేదు. నేను దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఏ వైరూ తగిలించకుండా ఒక్కసారి మీటాను. ఆ నాదం ముందు చెవికి రాలేదు, నా పక్కటెముకలకు వచ్చింది. కడుపుకు ఆనించుకున్న చెక్క అంతా కదిలి, ఆ కదలిక నా లోపలికి వచ్చి, గుండె దాకా పోయి ఆగింది. ఆ తర్వాత ఎర్రది కూడా మీటి చూడమన్నారు. మీటాను. చేతులకు తెలిసింది అంతే. నాకు డొల్లదే కావాలని అంగడి మెట్ల మీద కూర్చున్నాను. మామ ఒంటికాలి మీద లేచాడు, మా నాన్న మాత్రం బస్సుకు టైమవుతోందని డొల్లదే కొనిచ్చాడు.

ఆ రోజు నుంచి మొదలైంది నా కష్టం. ఇంట్లో వాయిస్తే ఆ గిటార్ బంగారం. వేదిక ఎక్కితే చాలు, దానికి పూనకం. మా మైక్ సెట్ ఆయనకు స్పీకర్లు ఎక్కడ కట్టాలనే దాని మీద ఒక పట్టింపు ఉండేది కాదు, గోడ దొరికితే గోడకు, స్తంభం దొరికితే స్తంభానికి, ఎక్కువసార్లు మా వీపుల వెనకే కట్టేవాడు. నేను వాయించింది ఆ స్పీకర్లోంచి బయటికి వచ్చి, మళ్లీ నా గిటార్ డొల్లలోకి దూరి, పైచెక్కను ఊపి, రెండింతలై స్పీకర్లోకి పోయి, అక్కడి నుంచి ఇంకా పెద్దదై వచ్చి, మూడో చుట్టుకు ఊళ. మంసాపురంలో ఒక రిసెప్షన్లో పెళ్లికూతురి తాత లేచి మైకు పట్టుకుని ఆశీర్వాదం మొదలుపెట్టాడో లేదో, నా చెయ్యి తీగల మీద లేకపోయినా నా గిటార్ బోంయ్‌మని అందుకుంది. నేను అరచేతులతో తీగలు నొక్కి, మోకాళ్ల మధ్య పెట్టుకుని, చివరికి దాని మీద పడి అదిమినా ఆగలేదు. మండపం బయట కుక్కలు జవాబు చెప్పాయి. ఆ పెద్దాయన ఆశీర్వాదం మధ్యలో ఆపి కూర్చున్నాడు. పెళ్లివారు దాన్ని అపశకునం అన్నారు, మామ వాళ్ల కాళ్లావేళ్లా పడి సర్దిచెప్పాడు.

ఇక అక్కడి నుంచి ప్రతివాడూ వైద్యుడే. రంధ్రాలకు టేపు అంటించమన్నారు, అంటిస్తే ఊళ ఆగకపోగా గొంతు మార్చుకుంది. వేదిక చివర కూర్చోమన్నారు, కూర్చుంటే మెట్ల మీద నుంచి పడబోయాను. స్పీకరుకు వీపు పెట్టు, ఎదురు పెట్టు, పక్కకు పెట్టు. సౌండ్ తగ్గించు, తగ్గిస్తే “ఆ పిల్ల వాయిస్తోందా, ఊరికే పట్టుకుని కూర్చుందా” అని జనం. మా నాన్న దాన్ని గాజు అల్మరాలో పెట్టి చూసుకోమన్నాడు. జాజ్ వాయించవే, దాని పనే అది అని తబలా వాయించే ఆయన ఎగతాళి. నేను పళ్లు నూరుకుంటూ అందరి మాటా విని, అందరి మాటా చేసి, ఏదీ పనిచేయక, ఆ గిటార్ మీద ప్రేమా చంపుకోలేక, దాన్ని చూస్తేనే ఏడుపొచ్చే స్థితికి వచ్చాను.

చివరికి మామ తేల్చేశాడు. విజయదశమికి ఇక్కడి పెద్ద మిల్లొకదానిలో కచేరి ఒప్పుకున్నాడు. మిల్లు యజమానుల కుటుంబమంతా ముందు వరసలో కూర్చునే కచేరి, అది బాగా జరిగితే ఏడాది పొడుగునా వాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లన్నీ మావే. “ఇదిగో పాప, ఆ డొల్లపెట్టె మిల్లులో ఇంకొక్క తడవ ఊళ పెట్టినదంటే, తళవాయిపురంలో గిటార్ వాయించే ఆయన తన గట్టిచెక్క గిటార్ ఎత్తుకొని వస్తాడు, నువ్వు ఇంట్లో కూచో. నా అక్క కూతురని చూడను, సరియా” అన్నాడు. సరే అనక ఏం చేస్తాను.

ఇక్కడ మా అత్త గురించి చెప్పాలి, అంటే మామ భార్య. ఆమె పుట్టిల్లు సత్రపట్టి. అక్కడ ఇంటింటా ఆసుపత్రులకు పోయే బాండేజీ గుడ్డ నేస్తారని మీకు తెలిసే ఉంటుంది. పుట్టింటి నుంచి వచ్చినప్పుడల్లా అత్త ఆ పలచని తెల్లగుడ్డ చుట్టలు చుట్టలుగా తెచ్చుకునేది. మా మామ ఇంట్లో ఆ గుడ్డ లేని పని లేదు. కాఫీ వడగట్టేది దానితో, పెరుగు కట్టేది దానితో, దోమలకు కిటికీకి కట్టేది దాన్నే, దీపాలు తుడిచేదీ దానితోనే. ఎవరికైనా తలనొప్పి అన్నా ముందు ఆ గుడ్డే తెచ్చేది. అత్తకు మంచి గొంతు ఉందని మా అమ్మ చెప్పేది. పెళ్లికి ముందు సత్రపట్టి భజనలో ఈమె పాడితే వీధి చివర వాళ్లు కూడా వచ్చి కూర్చునేవాళ్లట. పెళ్లయ్యాక పాడలేదు. కచేరి పార్టీ నడిపే మనిషి, పాడే ఆడవాళ్లను మదురై నుంచి పిలిపించేవాడు గాని, ఇంట్లో ఉన్న గొంతు సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఒకసారి ఎవరో అడిగితే, ఆమె గొంతు మరీ నిండుగా ఉంటుంది, మైకు తట్టుకోదు అని నవ్వేశాడు. అత్త కూడా నవ్వింది. పిండి రుబ్బేటప్పుడు మాత్రం కూనిరాగం తీసేది, ఎవరైనా గుమ్మంలోకి వస్తే ఆపేసేది.

ఆ అత్త, మామ నాకు గడువు పెట్టిన మర్నాడే నన్ను పక్కకు పిలిచి, “దాని కడుపులో మా బాండేజీ గుడ్డ కొంచెం కుక్కి చూడు పాప, సద్దణుగుతుంది” అంది. నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటికే టేపులూ కాగితాలూ అంటించి అంటించి దాని ఒళ్లంతా బంక చేశాను. ఇప్పుడు పుండ్లకు కట్టే గుడ్డ దాని కడుపులో పెట్టాలా, అదేమైనా ఆసుపత్రిలో పడుకున్న రోగా అని కస్సుమన్నాను. పైగా నాకు తెలుసు, గుడ్డ పెడితే ఊళ ఆగుతుందేమో గాని ఆ నాదం కూడా చస్తుంది. నేను దాన్ని కొన్నదే ఆ నాదం కోసం. అత్త మళ్లీ దీపాలు తుడుచుకోవడంలో పడింది.

మామ ఇంట్లో ఆయుధపూజకు ఒక పద్ధతి ఉండేది. పార్టీలోని వాద్యాలన్నీ పూజగదికి చేరాలి. ఆర్గన్, తబలా, కాంగో, అకార్డియన్, నా గిటార్. అత్త ఒక్కతే వాటన్నిటినీ తుడిచి, గంధం కుంకుమ పెట్టి, పూలు చుట్టి వరసగా సర్దాలి, ఇంకెవరూ చెయ్యి వేయకూడదు. పూజలోకి పోయిన వాద్యం విజయదశమి నాడు బయటికి వచ్చినా దాని మీద వేలు పెట్టకూడదు, దాని మొదటి పలుకు కచేరి వేదిక మీదే పలకాలి. ఊరికే శ్రుతి చూసుకోవడానికి కూడా వీల్లేదు. శ్రుతి చూసుకోకుండా కచేరికి పోయే పార్టీ భూప్రపంచంలో ఇంకొకటి ఉండదని తబలా ఆయన ప్రతి ఏడూ గొణిగేవాడు, ప్రతి ఏడూ అలాగే పోయేవాళ్లం.

విజయదశమి మధ్యాహ్నం వాద్యాలను వ్యానులోకి ఎక్కిస్తున్నారు. నా గిటార్ నాకు అందించారు. చేతికి ఎప్పటికంటే బరువుగా తగిలింది. వంకర రంధ్రంలోంచి చూస్తే లోపల తెల్లగా ఉంది. నాకు అర్థమైంది. పూజకు తుడుస్తానని చెప్పి, ఆ సన్నటి రంధ్రాల్లోంచి పుల్లతో తోసి తోసి, అత్త దాని కడుపు నిండా సత్రపట్టి గుడ్డ కుక్కేసింది. నేను వద్దన్న పనిని, నేను చెయ్యి పెట్టకూడని రోజు చూసి చేసేసింది. కోపంతో నా కళ్లు మసకబారాయి. వంటింట్లోకి పరుగెత్తి ఎందుకు చేశావని అడిగితే, “వేదిక మీద కూచో ముందు, తర్వాత వచ్చి తిట్టు” అని నా చేతిలో సుండల్ గుగ్గిళ్ల పొట్లం పెట్టింది. లాగేద్దామని రంధ్రంలో వేలు పెట్టబోతే మామ గుమ్మంలోంచి అరిచాడు, పూజలో పెట్టినదాన్ని గెలకొద్దని. వ్యాను హారన్ కొడుతోంది. ఆ గిటార్ ఎలా పలుకుతుందో, అసలు పలుకుతుందో లేదో తెలియకుండా, నా కుర్చీ ఉంటుందో ఊడుతుందో తెలియకుండా, దారి పొడుగునా ఆ సుండల్ పొట్లం నలుపుతూ కూర్చున్నాను. అంత నిస్సహాయంగా కోపగించుకున్న రోజు నా జీవితంలో ఇంకొకటి లేదు.

మిల్లు ఆవరణలో మైక్ సెట్ ఆయన తన మామూలు ప్రకారం స్పీకర్లు సరిగ్గా నా వెనకే కట్టాడు. ముందు వరసలో యజమానుల ఇంటి ఆడవాళ్లు పట్టుచీరలతో, వెనక కార్మికుల కుటుంబాలు, గేటు దాకా జనం. మామ చెయ్యి ఎత్తాడు. నేను కళ్లు మూసుకుని మొదటి దెబ్బ వేశాను. పలికింది. ఊళ లేదు. రెండో పాటకు సౌండ్ పెంచారు, లేదు. గంతులేసే పాట వచ్చింది, స్పీకర్లు అదిరిపోతున్నాయి, నా గిటార్ మాత్రం బుద్ధిగా, టక్కుటక్కున తెగ్గొట్టినట్టు పలుకుతోంది, తప్పెటకు సరిగ్గా జతపడింది. జనం ఈలలు వేశారు. మామ ఆర్గన్ మీద నుంచి తల తిప్పి నన్ను చూసి నవ్వాడు. నా కుర్చీ నిలిచిందని ఆ నవ్వుతోనే తెలిసింది. నేనూ నవ్వాలి కదా, నవ్వు రాలేదు. పక్కటెముకలకు ఆనించుకున్న చెక్క చెక్కలాగే ఉంది. లోపల ఏదీ కదలడం లేదు.

ఇంటికి వచ్చి అత్తతో తాడోపేడో తేల్చుకుందామని వంటింట్లోకి పోయాను. ఆమె నా మొహం చూడగానే కచేరి బాగా జరిగిందని గ్రహించింది, నా కోపం కూడా గ్రహించింది. పొయ్యి మీద గిన్నె దించి, నా వైపు చూడకుండానే, “కొంచెం గొంతు నొక్కుకున్నా పరవాలేదు పాప, నిలిచి వాయించు. నేను నొక్కుకోలేక మొత్తం మానేసినాను” అంది. ఆ తర్వాత ఆ గుడ్డ తీయాలని నేను అనుకోలేదు.

ఆ గిటార్‌తో నేను జాజ్ తప్ప అన్నీ వాయించాను. సినిమా పాటలు, భజనలు, ఆడవాళ్లు చప్పట్లు చరుస్తూ ఆడే కుమ్మి పాటలు, నాగస్వరం ఆయన అలిగి వెళ్లిపోతే ఒకసారి తాళి కట్టే వేళ వాయించాల్సినదీ వాయించాను. పెళ్లయ్యాక కూడా కొన్నేళ్లు వాయించాను, మిల్లులో లెక్కలు రాసే మావారికి అభ్యంతరం లేదు, నేను లేకపోతే ఇంట్లో నిశ్శబ్దంగా పేపరు చదువుకునేవారు. తర్వాత పార్టీ చెదిరింది, మామ పోయాడు, ఆ వెనకే అత్త పోయింది, గిటార్ గోడెక్కింది.

మొన్న ఆదివారం మా మనుమరాలు ఫోను పట్టుకుని మళ్లీ వచ్చింది. ఆఖరికి రెండు మిగిలాయట, పలచనిదొకటి, లోతుదొకటి. పలచనిది ఊళ పెట్టదట గాని నాదం తక్కువట. లోతుదాని నాదం గొప్పదట గాని వేదిక మీద భయమట. ఏది తీసుకోనని అడిగింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇన్ని నెలలు ఫోనులో గుడ్లప్పగించి చూసి, చివరికి మదురై అంగడిలో నేను నిలబడ్డ చోటికే వచ్చి నిలబడింది. “గోడ మీదున్నది ఎత్తుకొని పో, నా ప్రాణం తీయొద్దు” అన్నాను. అన్నానే గాని తీసుకుపోతుందనుకోలేదు. తీసింది. దుమ్ము తుడిచింది. ఫోను లైటు వేసి రంధ్రంలోకి చూసి, “అవ్వా, దీని కడుపులో ఏమి గుడ్డ ఉంది” అని అడిగింది.

చెప్పాను. విని, అయితే తీసేద్దాం అంది ఎంతో తేలిగ్గా. ఇప్పుడు వేదిక మీద స్పీకర్లు వీపుల వెనక కట్టరట, వాళ్ల పాట వాళ్లకు చెవుల్లోనే వినిపిస్తుందట, ఏ స్వరం ఊళకు తయారవుతుందో కనిపెట్టి దాన్నొక్కదాన్నే కోసేసే పెట్టె ఒకటి ఉందట. నేను వద్దన్నాను. గట్టిగానే అన్నాను. మా అమ్మాయి వంటింట్లోంచి వచ్చి, పాత గుడ్డ కోసం ఇంత గొడవేమిటమ్మా అంది. పాత గుడ్డే. మా అత్త చేత్తో తోసిన గుడ్డ. ఆమె నా కోసం చేసిన పని ఏదైనా మిగిలి ఉందంటే అదొక్కటే. నేను మునగాకు దూసుకుంటూ కూర్చున్నాను. కాసేపటికి నేనే లేచి, పూలు కుట్టే కొక్కెపు సూది తెచ్చి ఆ పిల్ల చేతికిచ్చాను.

గుడ్డ బయటికి వస్తూ ఉంటే ఎంతకీ తెగలేదు. పసుపురంగుకు తిరిగి, మడతలు మడతలుగా, గది నడుమ కుప్ప పడింది. పిల్ల కొత్త తీగలు వేసి, శ్రుతి చేసి, తాను వాయించకుండా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. మీటాను. ఆ నాదం చెవికి రాలేదు, పక్కటెముకలకు వచ్చింది. నేను ఏడ్చాను, దాచుకునేది ఏముంది. దీన్ని కొన్నదే దీనికోసమని, ఇన్నేళ్లూ ఇన్ని వేదికల మీద ఇదొక్కటీ ఎవరికీ వినిపించలేదని అప్పుడు తెలిసొచ్చింది. అత్త కూడా వినలేదు.

నిన్న సాయంత్రం వాళ్ల కచేరి, ఒక కల్యాణ మండపంలో. నేను ముందు వరసలో కూర్చున్నాను. ఆ గుడ్డను ఉతికి ఆరేసి, చుట్ట చుట్టి చేతిసంచిలో పెట్టుకుని మరీ పోయాను. ఈ కాలం పెట్టెల మీద నాకు నమ్మకం లేదు, ఊళ పెట్టిందా, వేదిక ఎక్కి నేనే కుక్కేద్దామని. పెళ్లివారి తాత ఒకాయన లేచి మైకు పట్టుకుంటే నా చెయ్యి సంచిలోకి పోయింది. ఏమీ కాలేదు. మా పిల్ల నెమ్మది పాట వాయించింది, గంతుల పాట వాయించింది, ఆ గిటార్ అన్నిటికీ నోరంతా తెరిచి పలికింది, ఒక్కసారి కూడా కూయలేదు. దిగివచ్చి, చెమట తుడుచుకుంటూ, “బాగుంది అవ్వా, కాని నున్నటి తీగలు వేసినామంటే ఇంకా బాగుంటుందేమో, ఒకటి చూపిస్తాను ఉండు” అని ఫోను తీసింది. దండం పెట్టి ఆటో పిలవమన్నాను.

ఇప్పటి వేదికలకు ఎవరి గొంతూ నొక్కాల్సిన పని లేదు. మంచిదే, నాకు సంతోషమే, ఆ సంగతి ఈ పిల్లలకు తెలియకపోవడం కూడా ఒకందుకు మంచిదే. ఆటోలో ఆ సంచి ఒళ్లో పెట్టుకుని, అత్త గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవడానికి చూశాను. పిండి రుబ్బుతూ తీసిన కూనిరాగం వచ్చింది, గుమ్మంలో నా అడుగు పడగానే అది ఆగిపోయింది. ఆమె నిండు గొంతు ఎంత తలుచుకున్నా రాలేదు. నేను ఎప్పుడూ విననే లేదు.